ఇంటెనక జాగ ఇస్తరా?

“ఇల్లు అమ్ముతరా?” అని హసన్‌పర్తిలో ఎవరూ నేరుగా అడగరు. అట్లా అడిగితే గడప దాటకముందే జవాబు వచ్చేస్తుందని అడిగేవాళ్లకు బాగా తెలుసు. అందుకే మాట మార్చారు. “ఇల్లు మీదే... ఒక్క ఇటుక గూడ కదిలిచ్చేది లేదు. ఇంటెనక ఊకెనే పడున్న జాగ ఉన్నది గద... గదేమన్న ఇస్తరా?”

ఊకెనే పడున్న జాగ! ఆ మాట వినగానే పెరట్లో అంట్లు తోముకుంటున్న ఓ పెద్దావిడ చేతిలో గిన్నె అట్లాగే పట్టుకుని లేచొచ్చిందట. “ఊకెనే పడున్నదెవలు బిడ్డా ఈడ? నేనా, జామచెట్టా?” అని అడిగిందట. వచ్చినాయన చాయ్ కూడా తాగకుండా బండి స్టార్ట్ చేశాడట.

హన్మకొండలో ఓ మిత్రుడు నవ్వుతూ చెప్పిన ముచ్చట ఇది. ఆ పెద్దావిడను చూడాలనిపించింది. ఆ జామచెట్టును కూడా.

హన్మకొండ నుంచి కరీంనగర్ రోడ్డు పట్టుకుంటే హసన్‌పర్తి ఎంతో దూరం లేదు. పది కిలోమీటర్లకు అటూ ఇటూ. కాకతీయ యూనివర్సిటీ క్రాస్‌రోడ్డు దాటి, భీమారం దాటి, ఎర్రగట్టు గుట్ట మీది వెంకటేశ్వరస్వామికి బస్సు కిటికీలోంచే దండం పెట్టుకుంటే... ఇక దిగడానికి సర్దుకోవాలి. దారి పొడవునా చూడాల్సింది మాత్రం గుట్టను కాదు, గోడలను. ‘టు లెట్’, ‘బాయ్స్ హాస్టల్’, ‘ప్లాట్లు అమ్మబడును’... ఒకదాని మీద ఒకటి అంటించిన కాగితాలు. ఒకప్పుడు ఈ దారిలో ఊరికీ ఊరికీ మధ్య పొలం కనిపించేదని పెద్దవాళ్లు చెబుతారు. ఇప్పుడు ఏ ఊరు ఎక్కడ అయిపోయిందో కండక్టర్ చెబితే తప్ప తెలియదు.

హసన్‌పర్తికి జాగ అడిగేవాళ్లు కొత్త కాదు. ఊరి పేరుతో ఉన్న హసన్‌పర్తి రోడ్ స్టేషన్ కాజీపేట–బల్లార్షా లైను మీద ఉంది. నిజాం కాలంలో, 1929లో ఆ లైను పూర్తయ్యాకే ఢిల్లీకీ మద్రాసుకూ నేరుగా రైలు దారి కుదిరింది. 1976లో కాకతీయ యూనివర్సిటీ వచ్చింది. 1980లో ఎర్రగట్టు గుట్ట దగ్గర కిట్స్ ఇంజినీరింగ్ కాలేజీ వచ్చింది. 2002లో అనంతసాగర్‌లో ఎస్సార్ ఇంజినీరింగ్ కాలేజీ మొదలై, 2020లో అదే యూనివర్సిటీ అయింది. 2013లో హసన్‌పర్తి కూడా వరంగల్ కార్పొరేషన్‌లో కలిసింది. 2015కల్లా అది గ్రేటర్ వరంగల్. జిల్లా పేరు కూడా మారుతూ వచ్చింది... 2016లో వరంగల్ అర్బన్, 2021లో హనుమకొండ. కరీంనగర్–వరంగల్ మధ్య 68 కిలోమీటర్ల రోడ్డును నాలుగు వరసలు చేసే పనికి 2023 జులై 8న వరంగల్‌లో ప్రధాని శంకుస్థాపన చేశారు. (ఇన్ని వచ్చాయి గానీ, హసన్‌పర్తి పేరు మీద ఉన్న అసెంబ్లీ నియోజకవర్గం మాత్రం 2009 ఎన్నికల నాటికి లేకుండా పోయింది. ఊళ్లో పెద్దమనుషులు ఇప్పటికీ ఈ సంగతి ఓ పాత అప్పులాగా గుర్తుచేస్తారు.)

రైలుకూ కాలేజీలకూ జాగ ఎకరాల్లో కావాలి. తర్వాత వచ్చిన రియల్ ఎస్టేట్ వాళ్లు గుంటల్లో మాట్లాడారు. గుంటంటే 121 గజాలు. ఇప్పుడు ఊళ్లోకి వచ్చి ఇంటి గడప మీద కూర్చున్నవాళ్లు గజాల్లో అడుగుతున్నారు. రోడ్డు పక్క పొలాలన్నీ ప్లాట్లయిపోయాక మిగిలింది ఇదే కదా... ఇంటెనక జాగ.

జామచెట్టు కింద

పెద్దావిడ ఇల్లు పాత ఊళ్లో ఉంది. వీధి మీద ఇల్లు ముప్పై అడుగులే కనిపిస్తుంది. లోపలికి పోతే మాత్రం తొంభై అడుగులు! ముందు అరుగు, తర్వాత పెంకుటిల్లు, దాని వెనక వంటిల్లు, వంటింటి తలుపు తీస్తే పెరడు. మన పాత ఊళ్లలో ఇళ్లన్నీ ఇట్లాగే ఉంటాయి. వీధికి మొహం చిన్నది, వీపు పెద్దది. ఆ వీపే ఇప్పుడు అందరికీ కనిపిస్తోంది.

పెరట్లో ఏముంది? ఎవరైనా లెక్కరాస్తే ఏమీ లేదు. ఓ జామచెట్టు, నిమ్మచెట్టు, మునగ, కరివేపాకు. పాత చేదబావి మీద రేకు కప్పి ఉంది. దాని పక్కన బోరు. ఇంకాస్త ఇవతల సిమెంటు బిళ్ల... అది లెట్రిన్ గుంత. రెండు దండేల మీద చీరలు. గోడ మీదికి పాకిన గుమ్మడి తీగె.

“గుమ్మడి పువ్వు దేనికనుకుంటున్నవు? కూరకు గాదు,” అంది పెద్దావిడ. “మా బిడ్డలిద్దరు బతుకమ్మకు వస్తరు. గౌరమ్మకు పువ్వు బజార్ల కొనుక్కరావాల్నా?”

వచ్చినాయన గురించి అడిగాను. కోపమేమీ లేదామెకు. “మనోడే. మా ఆడిబిడ్డ మరిదికి ఏదో అయితడు. పెండ్లిలల్ల కనవడ్తడు. గందుకే బయటికి పో అననీకి రాలే, గిన్నె పట్టుకొని నిలవడ్డ.”

ఇది గమనించాల్సిన సంగతి. పొలం కొనడానికి కారులో తెలియని మనిషి వస్తాడు. పెరడు అడగడానికి మాత్రం తెలిసిన మనిషే రావాలి. చుట్టమో, దోస్తో, కొడుకుతో చదువుకున్నవాడో, పాలు పోసేవాడో. వచ్చీరాగానే జాగ ముచ్చట తీయడు. ఆరోగ్యం అడుగుతాడు, వానలు అడుగుతాడు, హైదరాబాద్‌లో ఉన్న కొడుకు జీతం అడుగుతాడు. లేచేముందు చెప్పులు వేసుకుంటూ అంటాడు... “అన్నట్టు, ఎనుక జాగ...”

అడిగే విద్య

అడిగేవాళ్లలో ఒకాయన హోటల్ దగ్గర దొరికాడు. యాభై దాటిన మనిషి. ముందు విత్తనాల దుకాణం నడిపాడు, తర్వాత ప్లాట్లు చూపించాడు, ఇప్పుడు పెరళ్లు. పేరు రాయనంటే మనసు విప్పాడు.

“ఫస్టు ముసలోళ్లను అడగద్దు సార్. కొడుక్కు ఫోన్ జెయ్యాలె. ఆయన హైదరబాద్‌ల ఉంటడు, లేకుంటే అమెరికల. ఆయన పెరట్ల తిరగడు. ఆయనకు పెరడంటె గజాలే.”

ఎంత చల్లగా చెప్పాడో! అప్పుడెప్పుడో అదే పెరట్లో తడుపుకున్న లాగూతో తిరిగినవాడికి ఇప్పుడది గజాలు. అట్లాగని కొడుకును తప్పుపట్టడానికీ లేదు. ఊళ్లో అమ్మానాన్నలకు దవాఖాన ఖర్చు పంపేదీ అతనే కదా.

“ఇంక టైము చూస్కోవాలె,” అన్నాడాయన. “కాలేజి ఫీజులు కట్టే నెల. ఆడపిల్ల పెండ్లి కుదిరిన ఇల్లు. పెద్దాయనకు ఆపరేషన్ పడ్డ ఇల్లు. గప్పుడు పోతె మనల్ని కూసోవెడ్తరు.”

ఈ మాట దగ్గర నాకు చాయ్ చేదుగా అనిపించింది. ఆయనకు మాత్రం ఇందులో తప్పేమీ కనిపించలేదు. “నేను పోకుంటె వడ్డీకి ఇచ్చెటోడు పోతడు. నేను పైసలకు జాగ తీసుకుంట. వాడు పైసలకు పైసలు తీసుకుంటడు, ఆఖరికి జాగ కూడా తీసుకుంటడు.” కాదనడానికి వెంటనే నా దగ్గర మాట లేకపోయింది.

పెరళ్లే ఎందుకంటే ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. 2020 ఆగస్టు 26న అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్ల రిజిస్ట్రేషన్లకు అడ్డుకట్ట పడింది. తర్వాత క్రమబద్ధీకరణ పథకం, దరఖాస్తులు, రుసుములు, 2025లో పాతిక శాతం రాయితీ... జనం విసిగిపోయారని ఆయన లెక్క. “ఊరి నడిమిట్ల జాగకు ఇంటి నంబరుంటది. కరెంటుంటది. నల్లా ఉంటది. కొనెటోనికి ధైర్నం.” కొనేది ఎవరంటే కాలేజీలో పనిచేసేవాళ్లు, రిటైరైన పంతుళ్లు, రెండు గదులు వేసి పిల్లలకు కిరాయికి ఇద్దామనుకునేవాళ్లు. అంతా మనలాంటివాళ్లే. పెద్ద బిల్డర్లు ఈ ముక్కల జోలికి రారు. వాళ్ల లారీ ఈ సందుల్లోకి తిరగదు.

ఇక బయానా. పెరటి బేరాల్లో అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. మాట కలిసిన సాయంత్రమే పదివేలో ఇరవైవేలో చేతిలో పెట్టేస్తారు. తెల్లకాగితం మీద నాలుగు ముక్కలు, కింద సంతకం. “తాంబూలం లెక్కనే అక్కా” అంటారు. ఆ కాగితంలో గజాలుంటాయి, ధర ఉంటుంది. గడువు ఉండదు. ఉన్నా ఆరునెలలు. ఈ ఆరునెలల్లో బయానా ఇచ్చినాయన ఆ జాగను ఇంకొకరికి ఎక్కువ ధరకు మాట్లాడుకుంటాడు. రిజిస్ట్రేషన్ రోజున మీరు ఎన్నడూ చూడని మనిషి కొత్తచొక్కా వేసుకుని వచ్చి “నమస్తే అండీ, కొంటున్నది నేనే” అంటాడు. మీ గోడ పక్కన జీవితాంతం ఉండబోయే మనిషిని మీరు అక్కడ, ఆ వరసలో నిలబడి, మొదటిసారి చూస్తారన్నమాట!

నగదు సంగతి కూడా చెప్పుకోవాలి. ఇల్లూ జాగా అమ్మకంలో ఇరవైవేలు, ఆపైన నగదుగా పుచ్చుకోకూడదని ఆదాయపన్ను చట్టంలో 2015 జూన్ నుంచీ ఉంది. పుచ్చుకున్నవాళ్లకే, అంటే అమ్మినవాళ్లకే, పుచ్చుకున్నంత జరిమానా పడొచ్చు. పెరట్లో కూర్చుని నోట్లు లెక్కపెట్టేవాళ్లకు ఈ ముక్క ఎవరూ చెప్పరు.

ముప్పై గజాల సందు

లెక్క వేద్దాం రండి. కాగితం, పెన్సిలు చాలు.

పెద్దావిడ ఇల్లు ముప్పై అడుగుల వెడల్పు, తొంభై అడుగుల పొడవు. అంటే 2,700 చదరపు అడుగులు. తొమ్మిదితో భాగిస్తే 300 గజాలు. సగం ఇల్లు, సగం పెరడు. “ఎనుక నూటయాభై గజాలు ఇయ్యిండ్రి, ముందు నూటయాభై మీకే ఉంటది.” అడిగేవాళ్ల లెక్క ఇంతే. వినడానికి ఎంత ధర్మంగా ఉందో!

మరి వెనక ఇల్లు కట్టుకున్నాయన తన ఇంటికి ఎట్లా పోతాడు? ఎగిరి పోడు కదా. మీ ఇంటి పక్కనుంచి దారి కావాలి. బండి పట్టాలంటే కనీసం ఆరడుగులనుకుందాం. ఆరడుగుల వెడల్పు, నలభై అయిదు అడుగుల పొడవు... 270 చదరపు అడుగులు. ముప్పై గజాలు! ఈ ముప్పై గజాలు ఎవరివి?

అమ్మితే మీరు ఇచ్చింది నూట ఎనభై, మిగిలింది నూట ఇరవై. ముప్పై అడుగుల మొహం ఇరవై నాలుగు అడుగులైపోతుంది. అమ్మకుండా “నడవనిస్తం లే” అంటే జాగ మీదే. కానీ మీ కిటికీ పక్కనుంచి రోజూ వాళ్ల బండి, వాళ్ల చుట్టాల బండ్లు, వాళ్ల కిరాయిదార్ల బండ్లు. ఆ దారిలో మీరు ఓ కుండీ కూడా పెట్టుకోలేరు. బేరమంతా నూటయాభై గజాల మీద జరుగుతుంది, కొట్లాటంతా ఈ ముప్పై గజాల మీద జరుగుతుంది. నేను మాట్లాడిన అయిదారిళ్లలో రెండు ఇళ్లవాళ్లు పక్కవాళ్లతో మాట్లాడుకోవడం లేదు. రెండింటికీ కారణం సందే. ఒకచోట గేటు ఎటు తెరుచుకోవాలన్నదాని మీద, ఇంకోచోట వాన పడితే పెంకుటింటి చూరు నీళ్లు సందులో పడుతున్నాయని.

ఆ దారి వెడల్పే రేపు అనుమతికీ ముఖ్యం. తెలంగాణలో 2020 నవంబరు నుంచి అమల్లో ఉన్న బీపాస్ విధానంలో 75 గజాల లోపు చిన్న ఇంటికి అనుమతి అక్కర్లేదు, రూపాయి కట్టి ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే చాలు. ఆరువందల గజాల దాకా స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి ఇస్తారు. ఇంత సులువైందని అడిగేవాళ్లు గొప్పగా చెబుతారు. నిజమే. అయితే ఆ సులువు ఇల్లు కట్టుకోవడానికి. ఒక ఇంటి జాగను రెండు ముక్కలు చేసి దారిలేని ముక్కకు దారి పుట్టించడానికి కాదు. రాసిచ్చింది తప్పని తేలితే ఆ సంతకం చేసినవాడిదే బాధ్యత.

ఇంకో సంగతి. పెరట్లో సిమెంటు బిళ్ల చూశాం గుర్తుందా? లెట్రిన్ గుంత, బోరు, బావి... అన్నీ వెనకే ఉంటాయి. పెరడు అమ్మడమంటే వాటిని కూడా అమ్మడమే. గుంత కొత్తగా ఎక్కడ తవ్వుతారు? అరుగు కిందా? బోరు వాళ్లదైపోయాక నీళ్లు ఎవరివి? ధర మాట్లాడేటప్పుడు ఇవేవీ గుర్తురావు. రిజిస్ట్రేషన్ అయ్యాక మూడో రోజు పొద్దున గుర్తొస్తాయి.

ఇది నేను పుస్తకంలో చదివి రాయడం లేదు. మా నానమ్మ ఇంటి వెనక జాగ అమ్మినప్పుడు దస్తావేజులో నాలుగు హద్దులూ చక్కగా రాయించారు. తూర్పున ఫలానా, పడమర ఫలానా... గుంత సంగతి మాత్రం ఎవరూ రాయలేదు. కొన్నాయన మంచివాడు కాబట్టి ఏడాది ఆగాడు. ఆ ఏడాదంతా మా నాన్న కనిపించినప్పుడల్లా ఆయన మొహం పక్కకు తిప్పుకునేవాడు. ఇద్దరూ పాపం సిగ్గుపడ్డారు!

ఎవరి సంతకం?

పెద్దావిడ భర్త పోయి చాలా ఏళ్లయింది. ఇల్లు ఆయన తండ్రి నాటిది. కొడుకు ఒక్కడు, బిడ్డలు ఇద్దరు. అడిగినాయన కొడుక్కు ఫోన్ చేశాడు, కొడుకు “అమ్మను అడుగుండ్రి” అన్నాడు. అమ్మ గిన్నె పట్టుకుని నిలబడింది. బిడ్డలను మాత్రం ఎవరూ అడగలేదు.

అడగాలి. తాతల నాటి ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు ఉంటుందని మన దగ్గర ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది. దేశమంతా అదే మాట చెప్పడానికి 2005 దాకా పట్టింది. రాష్ట్ర చట్టం అప్పటికే పెళ్లయినవాళ్లను పక్కన పెట్టింది, 2005 సవరణ ఆ తేడా తీసేసింది. తండ్రి అప్పటికి బతికి ఉండాలా అన్న వివాదం చాలాకాలం నడిచింది. అక్కర్లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో తేల్చిచెప్పింది. అంతకుముందే పద్ధతి ప్రకారం పంపకాలైపోయి ఉంటే ఆ లెక్క వేరు, స్వార్జితమైతే ఇంకో లెక్క. కానీ హసన్‌పర్తి పాత ఊళ్లో పంపకాల కాగితం ఎన్ని ఇళ్లలో ఉంటుంది? “ముందటర్ర తమ్మునిది, ఎనుకర్ర అన్నది” అన్న నోటిమాటే కాగితం.

కొనేవాళ్లకూ ఈ సంగతి ఇప్పుడు బాగా తెలుసు. అందుకే బేరం కుదిరాక, రిజిస్ట్రేషన్ ముందురోజు ఆడబిడ్డలకు ఫోన్లు పోతాయి. “ఒక్క సంతకానికి రా బిడ్డా, సాయంత్రం బస్సుకు పోదువు.” చీరె పెడతారు, బస్సు చార్జీ ఇస్తారు. తనకు అందులో భాగం ఉందన్న సంగతి ఆ బిడ్డకు సంతకం పెట్టేచోట తెలుస్తుంది. కొందరు పెట్టి వస్తారు, అన్నదమ్ములతో పుట్టింటి దారి పోగొట్టుకోవడం ఎందుకని. కొందరు పెట్టరు. పెట్టనివాళ్లను ఊరు మాట్లాడే మాటలు ఇక్కడ రాయను.

అందుకే నాకనిపించింది, పెరడు అడిగే మర్యాద ఒకటి ఉంటే అది అక్కడ మొదలవ్వాలని. ఇంట్లో అందరూ ఉన్నప్పుడు అడగడం. పండక్కి బిడ్డలు వచ్చినప్పుడు, వాళ్ల ముందు, ఏ గజాలు, ఏ దారి, గుంత ఎక్కడ అని విప్పి చెప్పడం. ఈ మాట హోటల్ దగ్గరి పెద్దమనిషితో అంటే పెద్దగా నవ్వాడు. “అందరున్నప్పుడు అడిగితె అందరు వద్దంటరు సార్!”

వద్దనే హక్కు వాళ్లకు ఉందని ఆయన నోటితోనే ఒప్పుకున్నట్టు కదా ఇది?

దేశదేశాల పెరళ్లు

పెరడు మీద కన్ను పడటం ఒక్క హసన్‌పర్తి కథే కాదు. ఇంగ్లండ్‌లో 2010 దాకా ఇళ్ల వెనక తోటలను కూడా ‘ఇదివరకే కట్టడాలున్న భూమి’ కిందే లెక్కేసేవారు. అంటే మూతపడిన ఫ్యాక్టరీ స్థలమూ, మీ గులాబీ మొక్కలున్న పెరడూ ఒకటే జాబితా! అట్లాంటి భూమిలోనే ముందు కట్టాలన్నది అక్కడి విధానం కాబట్టి బిల్డర్లు తోటల వెంట పడ్డారు. దానికి జనం ‘గార్డెన్ గ్రాబింగ్’ అని పేరుపెట్టారు. 2010 జూన్‌లో అప్పటి కొత్త ప్రభుత్వం ఇళ్ల తోటలను ఆ జాబితాలోంచి తీసేసింది.

అమెరికాలో కాలిఫోర్నియా దీనికి ఎదురు దిక్కున నడిచింది. ఇళ్ల కరువు తట్టుకోలేక, ఒక ఇంటి స్థలాన్ని రెండుగా విడగొట్టుకోవచ్చని చట్టం చేసింది. 2022 జనవరి నుంచి అమలు. అయితే ఏ ముక్కా 1,200 చదరపు అడుగులకు తగ్గకూడదు. మన లెక్కలో 133 గజాలు. విడగొట్టేవాళ్లు అక్కడే మూడేళ్లు ఉండే ఉద్దేశం ఉందని ప్రమాణపత్రం ఇవ్వాలి. ముక్కలు చేసి అమ్ముకుని పోయేవాళ్ల కోసం కాదన్నమాట.

మన దగ్గర వాస్తు అనే చట్టం వేరే ఉంది. దానికి అపీలు లేదు. పెరడు తూర్పునో ఉత్తరానో ఉంటే అమ్మకూడదు, ఈశాన్యం తెగిపోతుందంటారు. నమ్మకం ఎట్లా ఉన్నా, చుట్టాన్ని నొప్పించకుండా వద్దనడానికి ఇంతకన్నా మంచి మాట లేదు. “మాకేం లేదు తమ్మీ, సిద్ధాంతే వద్దన్నడు!” పెరడు దక్షిణాన ఉన్నవాళ్లకే పాపం చిక్కు. వాళ్లు వేరే సాకు వెతుక్కోవాలి.

అమ్మినవాళ్లు ఏమంటారు?

అమ్మినవాళ్లందరూ బాధపడుతున్నారని రాస్తే అబద్ధమవుతుంది. రెండు వీధుల అవతల ఓ మగ్గం మాస్టారు... పెద్దవాళ్లు నేత నేసిన ఇల్లు, ఆయన మాత్రం స్కూల్లో పనిచేసి రిటైరయ్యాడు... తన వెనక జాగలో నూరు గజాలు అమ్మాడు. ఒకప్పుడు పడుగు సాపడానికి అంత పొడవు జాగ కావాల్సి వచ్చేదని, ఇప్పుడు మగ్గమే లేనప్పుడు పాములు తిరగడానికి తప్ప దేనికీ పనికిరాలేదని చెప్పాడు. వచ్చిన డబ్బుతో మనవరాలు చదువుకుంటోంది.

ఆయన చేసిన పని మాత్రం నాకు బాగా నచ్చింది. మధ్యవర్తితో మాట్లాడనని, కొనే మనిషినే రమ్మన్నాడు. కొనేవాళ్లు భార్యాభర్తలు వచ్చారు. వాళ్లను పెరట్లో కూర్చోబెట్టి, సున్నంతో నేల మీద గీత గీసి చూపించాడు. ఇదిగో ఇక్కడిదాకా మీది. ఇది దారి, ఎనిమిదడుగులు, ఇద్దరిదీ. గేటు లోపలికి తెరుచుకుంటుంది. గుంత నేను ముందుకు మార్చుకున్నాకే రిజిస్ట్రేషన్. ఇద్దరు అక్కాచెల్లెళ్లు, ఒక తమ్ముడు... అందరి సంతకాలూ దస్తావేజులో ఉన్నాయి, ఎవరి వాటా వాళ్ల ఖాతాలోకే పోయింది. దస్తావేజులో హద్దులతోపాటు దారి కొలత, నక్షా కూడా రాయించాడు. “గవర్నమెంటు ఏడున్నర శాతం తీసుకుంటది గద, నాలుగు లైన్లు ఎక్కువ రాస్తె ఏంబోయింది?” అన్నాడు. 2021 జులై నుంచి తెలంగాణలో స్టాంపు, బదిలీ, రిజిస్ట్రేషన్ రుసుములన్నీ కలిపి ఏడున్నర శాతమే మరి. పది లక్షల మీద డెబ్బై అయిదు వేలు.

“మరి చెట్లు?” అన్నాను.

“వేపచెట్టు ఉండె,” అన్నాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత కొత్త ఇంటి మేడ మీది నీళ్ల ట్యాంకు చూపించి, “గా ట్యాంకు అంత ఎత్తుండె” అన్నాడు. లోపలికి పోయి మళ్లీ మంచినీళ్లు తెచ్చాడు, నేను అడక్కపోయినా.

బస్సుకు ఇంకా టైముందని మళ్లీ పెద్దావిడ ఇంటికి పోయాను. ఆమె కొడుకుతో ఫోన్‌లో ఉంది. స్పీకర్ పెట్టుకుని, ఫోన్‌ను నోటి ముందు అద్దంలా పట్టుకుని మాట్లాడుతోంది. మళ్లీ ఎవరో ఫోన్ చేశారట కొడుక్కు. ధర కాస్త పెంచారట. “నేను అమ్ముమంట లేనమ్మా, అడిగిన్రని చెప్తున్న,” అంటున్నాడు కొడుకు.

“చెప్పినవు గద, ఇన్న,” అంది ఆమె. “దసరకు అక్క వస్తది, చెల్లె వస్తది. నువ్వు గూడ రా. నలుగురం పెరట్ల కూసుందాం. గప్పుడు మాట్లాడుదాం.”

“అప్పటిదాంక ఆగరంటున్నరమ్మా.”

“ఆగకుంటె పొమ్మను.”

ఫోన్ పెట్టేసి నా చేతిసంచి వైపు చూసింది. “ఖాళీగ పోతవా?” అంటూ వెనక్కి నడిచింది. జామచెట్టు కొమ్మ వంచి నాలుగు కాయలు తెంపింది. ఒకటి చిలక కొట్టింది. అది తనకోసం పక్కన పెట్టుకుని మిగతా మూడూ నా సంచిలో వేసింది.